రిపోర్టు తేడా వస్తే తప్పు మిషన్‌దేనా?

బ్లడ్ టెస్ట్‌లో పొటాషియం 6.5 అని వచ్చిందనుకోండి. 3.5 నుంచి 5 మధ్య ఉండాల్సింది ఇంత పెరిగితే గుండె లయ తప్పే ప్రమాదం ఉంటుంది. ఇంట్లో అందరికీ కంగారు. మళ్లీ రక్తం తీసి చూస్తే 4.3. వెంటనే మిషన్ పాడైందని అనేస్తాం. కానీ చాలాసార్లు తేడా వచ్చేది శాంపిల్ తీసిన చోట, దాచిన చోట.

అందుకే డీఎంఎల్‌టీ స్టూడెంట్లకు అనాటమీ, ఫిజియాలజీ కూడా నేర్పిస్తారు. ఒంట్లో ఏది ఎక్కడుంది, ఎలా పనిచేస్తుంది అని తెలిస్తేనే శాంపిల్‌ను కాపాడగలరు.

రక్తం

పొటాషియం ఎక్కువగా ఉండేది కణాల లోపల. ఎర్రరక్తకణాల్లో అది బయటి ద్రవంకంటే 20 రెట్లకు పైనే ఉంటుంది. సన్న సూదితో గట్టిగా లాగినా, ట్యూబును బలంగా ఊపినా కణాలు పగిలి అదంతా బయటికొస్తుంది. దీన్నే హీమోలైసిస్ అంటారు. చేతికి కట్టిన పట్టీ 1 నిమిషం మించకూడదు. పిడికిలి పదేపదే మూసి తెరిచినా పొటాషియం పెరుగుతుంది. ఊదా మూత ట్యూబులోని ఈడీటీఏ మందులోనే పొటాషియం ఉంటుంది. ఆ రక్తాన్ని వేరే ట్యూబులో పోస్తే పొటాషియం ఎక్కువగా, కాల్షియం తక్కువగా చూపిస్తుంది.

షుగర్‌ది ఇంకో కథ. ట్యూబులోకి వచ్చాక కూడా కణాలు బతికే ఉంటాయి, గ్లూకోజ్ తింటూనే ఉంటాయి. మామూలు ట్యూబులో అలాగే వదిలేస్తే గంటకు 5 నుంచి 7 శాతం తగ్గిపోతుంది. బూడిద రంగు మూత ట్యూబులోని ఫ్లోరైడ్ దీన్ని ఆపుతుంది. కానీ అది పూర్తిగా పనిచేయడానికి టైం పడుతుంది, కాబట్టి శాంపిల్ త్వరగా ల్యాబ్ చేరాలి. రంజాన్‌లో టెస్ట్ చేయించుకునేవాళ్లు సెహ్రీ ఎన్నింటికి తిన్నారో టెక్నీషియన్‌కు చెప్పాలి. ఫాస్టింగ్ లెక్క అక్కడి నుంచే మొదలు.

కఫం, మూత్రం, ముక్క

టీబీ ఉండేది ఊపిరితిత్తుల్లో, నోట్లో కాదు. ఉమ్మి ఇస్తే జబ్బు ఉన్నా రిపోర్టు నెగటివ్ రావచ్చు. ఆ మనిషి మందుల్లేకుండా ఇంట్లోవాళ్ల మధ్యే తిరుగుతాడు. పొద్దున్నే గట్టిగా దగ్గి, లోపలి నుంచి వచ్చిన కఫమే ఇవ్వాలి.

మూత్ర మార్గం చివర్లో సూక్ష్మజీవులు మామూలుగానే ఉంటాయి. అందుకే కల్చర్‌కు మొదటి ధార వదిలేసి మధ్యది పట్టాలి. 2 గంటల్లో ల్యాబ్‌కు చేర్చాలి, లేదంటే ఫ్రిజ్‌లో పెట్టాలి.

బయాప్సీ ముక్కకు రక్తసరఫరా ఆగిన క్షణం నుంచే కుళ్లడం మొదలవుతుంది. వెంటనే దానికి 10 రెట్ల ఫార్మలిన్‌లో వేయాలి. అలా చేయకపోతే క్యాన్సర్ ఉందో లేదో తేల్చడం కష్టం.

మనం చూసుకోవాల్సింది

సెలైన్ ఎక్కుతున్న చేతి నుంచి రక్తం తీస్తుంటే రెండో చేయి చూపించండి. ట్యూబు మీద మీ పేరు మీ ముందే రాయించుకోండి. రిపోర్టు ఒంటి పరిస్థితికి పొంతన లేకుండా వస్తే, మళ్లీ శాంపిల్ ఇవ్వాలా అని డాక్టర్‌ను అడగండి.