చత్వారం వచ్చాక గురి

ధర్మవరంలో మగ్గం ముందు కూర్చున్న యాభై ఏళ్ల నేతన్నకు పోగు తెగిందనుకోండి. దాన్ని కాస్త దూరం జరిపి, కళ్లు చికిలించి ముడేస్తాడు. వయసుతో కంటిలోని కటకం బిరుసెక్కి, దగ్గరివి మసకబారడమే చత్వారం. నలభైని సంస్కృతంలో చత్వారింశత్ అంటారు. జబ్బు పేరులోనే వయసు ఉంది. పిస్టల్ పోటీల్లో పెద్దవాళ్ల మొదటి తంటా ఇదే.

ఉరుసులో, తిరునాళ్లలో బెలూన్లు కాల్చేవాళ్లం బెలూన్నే చూస్తాం. పోటీ షూటర్ అలా చూడడు. 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో పది పాయింట్ల వలయం 11.5 మిల్లీమీటర్లు, చొక్కా గుండీ అంత. అయినా చూపు నిలపాల్సింది గొట్టం కొనన ఉన్న ఫ్రంట్ సైట్ మీద. టార్గెట్ మసకగా ఉన్నా ఫర్వాలేదు.

ఎందుకంటే, చెయ్యి మొత్తంగా ఒక మిల్లీమీటరు పక్కకు జరిగితే పెల్లెట్ కూడా అంతే జరుగుతుంది. అదే పిస్టల్ వెనకా ముందూ ఉండే రెండు సైట్ల వరస ఒక మిల్లీమీటరు తప్పితే? వాటి మధ్య 32 సెంటీమీటర్లు ఉంటే, 10 మీటర్ల దగ్గర పెల్లెట్ దాదాపు 31 మిల్లీమీటర్లు పక్కకు పోతుంది. అంటే చేతి వణుకు కన్నా సైట్ల వంకరే పెద్ద శత్రువు. వయసు మీదపడినవాళ్లకు ఇంతకన్నా మంచి కబురు ఏముంటుంది!

ఉత్తరప్రదేశ్ జోహ్రీ గ్రామపు చంద్రో తోమర్ అరవై దాటాకే పిస్టల్ పట్టారు. స్వీడన్ ఆస్కార్ స్వాన్ 1920 ఒలింపిక్స్‌లో 72 ఏళ్ల వయసులో రజతం గెలిచాడు. ఒలింపిక్స్ క్రీడా పోటీల్లో పతకం గెలిచిన అతి పెద్ద వయస్కుడు ఇప్పటికీ ఆయనే.

పేపరు చదివే అద్దాలు ఇక్కడ పనికిరావు. అవి 40 సెంటీమీటర్ల దూరానికి. ఫ్రంట్ సైట్ ముప్పాతిక మీటరు నుంచి మీటరు దూరంలో ఉంటుంది. దూరపు చూపు పవరుకు 0.75 దాకా ప్లస్ కలిపితే చాలామందికి సరిపోతుంది. అద్దం ముందు సన్నని రంధ్రం పెట్టుకోవడం ఇంకో ఉపాయం. నేతన్న కళ్లు చికిలించడంలో ఉన్న కిటుకే అది. వెలుతురు మాత్రం బాగా ఉండాలి.

ఇంకో సంగతి. బీపీకి వాడే బీటా బ్లాకర్ మాత్రలు గుండె దడను, వణుకును తగ్గిస్తాయి కనుక షూటింగ్ పోటీల్లో నిషిద్ధం. అలాగని మాత్ర మీరే మానేయకండి, డాక్టరును అడగండి.

హిందూపురంలో కళ్లద్దాల కొట్టుకు వెళ్లేముందు చెయ్యి చాపి, కంటి నుంచి ఫ్రంట్ సైట్ ఉండే చోటి దాకా టేపుతో కొలిపించుకోండి. ఆ అంకె కాగితం మీద రాసుకుని వెళ్లి చూపించండి.