పాత చలనచిత్ర గీతములు – రాష్ట్రేతరాంధ్రుల జ్ఞాపకములు

శాసనములకును, కైఫీయతులకును, వలసల చరిత్రమునకును తావీయవలసిన ఇట్టి సంపుటమున సినిమాపాటకు చోటెందులకని కొందరు పెద్దలు శంకింపవచ్చును. కాని హోసూరు, కృష్ణగిరి ప్రాంతపు తెలుగు కుటుంబములలోనికి గడచిన డెబ్బదియేండ్లుగా గ్రంథభాష ఏ ద్వారమున వచ్చినదని విచారించినచో, బడి తరువాత, కొన్ని యిండ్లలో బడికంటె ముందుగనే, కానవచ్చునది పాటయే.

మనలో అనేకులు వలస వచ్చినవారు కారు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రమేర్పడినప్పుడు బరంపురము ఆ రాష్ట్రమున చేరినది. 1956 నవంబరు 1న రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు హోసూరు మద్రాసు రాష్ట్రముననే నిలిచినది. జనులున్న చోటనే యున్నారు. ఇంట తెలుగు మాటాడుచునేయున్నారు. అయితే ఆ తెలుగు ‘యాడికి’, ‘వస్తాండాను’ అను తెలుగు. కృష్ణశాస్త్రిగారి తెలుగు, సముద్రాల రాఘవాచార్యులవారి తెలుగు, పింగళి నాగేంద్రరావుగారి తెలుగు వేరు. 1951లో ‘మల్లీశ్వరి’ వెలువడినప్పుడు భావకవిత్వమును ఎన్నడును చదివి యెరుగని రైతు కుటుంబములు దేవులపల్లివారి పలుకును రాజేశ్వరరావుగారి బాణీలో కంఠస్థము చేసినవి. ఇది విశ్వవిద్యాలయములకు సాధ్యము కాని పని.

ఆ పాటలు కంఠస్థమగుటకు ఒక యంత్రసంబంధమైన కారణము కూడ కలదు. నిమిషమునకు 78 చుట్లు తిరుగు గ్రామఫోను రికార్డున ఒక ప్రక్క మూడు, మూడున్నర నిమిషములకు మించి పట్టదు. కావున ఒక పల్లవి, రెండు మూడు చరణములు, నడుమ కొంచెము వాద్యగోష్ఠి – ఇంతలోనే కవి తన భావమును ముగింపవలెను. పల్లవి మాటిమాటికి వచ్చుటచే విన్నవారికి పట్టు దొరకును.

ఇక సినిమాహాళ్లలో అమ్ముచుండిన పాటల పుస్తకమును గూర్చి కొంత విపులముగా చెప్పవలసియున్నది. ముతక కాగితముపై అచ్చయిన పలుచని పుస్తకమది. మొదట నటీనటుల పట్టిక; పిమ్మట కథాసంగ్రహము. కథ రసపట్టునకు రాగానే ఆపివేసి, మిగిలినది వెండితెరపై చూడవలసినదని వ్రాయుట పరిపాటి. ఆపైన పాటలు. మా అమ్మమ్మ బడి ముఖమెరుగదు. ఆమె టెంటు సినిమాలో కొన్న పుస్తకమును ఒడిలో నుంచుకొని, తనకు వచ్చిన పాటను మెల్లగా పాడుచు అక్షరములపై వ్రేలు నడపి చదువ నేర్చినది. ఉపాధ్యాయుడనగుటచే ఇందలి కిటుకు నాకు పిదప బోధపడినది. క్రొత్తగా చదువువానికి తరువాత రాబోవు మాట తెలియదు, అదియే వాని కష్టము. పాట వచ్చినవానికి ఆ మాట ముందే నాలుకపై నుండును. కంటికి మిగిలినది దానిని గుర్తుపట్టు పని మాత్రమే. వార్తాపత్రిక చదువుటకు ఆమెకు మరి రెండేండ్లు పట్టినదని మా అమ్మగారు చెప్పుదురు.

తమిళనాటి తెలుగువారికి మరియొక విశేషము కలదు. ఆనాడు మద్రాసు స్టూడియోలలో ఒకే చిత్రమును రెండు భాషలలోను తీయుచుండిరి. 1955లో ‘మిస్సమ్మ’ తెలుగునను, ‘మిస్సియమ్మ’ తమిళమునను వచ్చినవి. బాణీలు రాజేశ్వరరావుగారివే. ఎ. యం. రాజా రెండింటను పాడెను. 1953లో తెలుగు ‘దేవదాసు’నకు పాడిన ఘంటసాల తమిళ చిత్రమునకును తన గళమునొసగెను. అందుచే మా వీథిలో ఒక వాకిట తమిళమాటలతోడను, ఎదుటివాకిట తెలుగుమాటలతోడను ఒకే రాగము వినబడుచుండెడిదని పెద్దలు చెప్పుచుందురు. కన్నడ దేశమున ఇందుకు కొంత భిన్నమైన ముచ్చట జరిగినది: కాకినాడలో జన్మించిన పి. బి. శ్రీనివాస్ రాజకుమారుని గాత్రమై కన్నడిగుల యింటివాడయ్యెను.

1952 మొదలు కొన్నియేండ్లు, సమాచారశాఖామాత్యులగు కేస్కర్ గారి విధానమువలన, ఆకాశవాణియందు సినిమాపాట మిగుల అరుదయ్యెను. ఆ లోటును రేడియో సిలోన్ తీర్చినది. 1957 అక్టోబరు 3న వివిధభారతి పుట్టినది. రేడియోలో పాటను మనము కోరి తెచ్చుకొనలేము; అది తన వేళకు తాను వచ్చును. కావుననే ఒక్కొక్క పాట ఒక్కొక్క వేళకు, ఆ వేళ చేయుచుండిన పనికి ముడివడిపోయినది. రాగులు విసరుట, పశువులకు కుడితి పెట్టుట, పొలము కావలి – ఇవన్నియు ఆ పాటల వెనుక నిలిచియున్నవి. ఫోనులో కోరినపుడెల్ల వినబడు పాటకు ఈ ముడి పడునా యని నాకొక సందేహము.

పదియేండ్ల ప్రాయము మొదలు ముప్పదియేండ్ల లోపున జరిగిన సంగతులే వృద్ధాప్యమున అధికముగా జ్ఞప్తికి వచ్చునని మనశ్శాస్త్రజ్ఞులందురు. ఆ ప్రాయమున విన్న పాటకును ఇదియే న్యాయము. అంతకంటె ఆశ్చర్యకరమైన సంగతిని 2013లో క్రుమ్‌హాన్సెల్, జుప్నిక్ అను అమెరికా పరిశోధకులు ప్రకటించిరి. ఇరువదియేండ్ల విద్యార్థులకు పాటలు వినిపింపగా, తమ కాలపు పాటలకే గాక, తలిదండ్రుల యౌవనకాలపు పాటలకును వారిలో జ్ఞాపకములు మేల్కొన్నవి. అంతకు మునుపటి, 1960ల నాటి పాటలకు సైతము అట్లే జరిగినది. ఇంటిలో పెద్దలు పాటను వినుచుండగా పిల్లలు పెద్దలను వినుచుందురన్నమాట. 1974 ఫిబ్రవరి 11న ఘంటసాల కాలధర్మము చెందునాటికి నేను పుట్టలేదు; అయినను ఆ గొంతు వినబడినంతనే మా నాయనగారి సైకిలు వాసన నాకు వచ్చును.

ఇది నాకు తరగతిలో పనికివచ్చినది. 2006 నాటి చట్టము ననుసరించి తమిళనాట 2006-07 మొదలు ఒకటవ తరగతి నుండి తమిళము నిర్బంధపాఠ్యమైనది. తెలుగు చదువు పిల్లల సంఖ్య మా బడిలో తగ్గుచు వచ్చినది. ఉన్నవారును తెలుగు మాటాడుదురేగాని వ్రాయుమనిన వెనుదీయుదురు. వ్యాసమునకు ఐదు పంక్తులు నిండవు. ఒక సెలవునకు ముందు వారికి వేరు పని నప్పగించితిని: ఇంటిలోని పెద్దవారిని ఒక పాత పాట అడిగి, దానిని వారు ఎచ్చట, ఎవరితో వినిరో వ్రాసికొని రావలెను. రెండేసి పుటలు వచ్చినవి. ఒక బాలిక తాత రాగి చేను కావలి కాయుచు ట్రాన్సిస్టరు విన్న రాత్రులను వ్రాసినది. మరియొకని నాయనమ్మ ‘దేవదాసు’ పాటను సగములో ఆపుమన్నదట, కారణము చెప్పలేదట. ఆ సంగతినే వాడు వ్రాసెను, అంతటి చక్కని పుట మరి రాలేదు. ఒకడు ఇళయరాజా తమిళపాటను తెచ్చెను. తెలుగున వ్రాసినాడు గనుక మార్కులు వేసితిని. అక్షరదోషములు లెక్కకు మిక్కిలి. వాటిని మరునాటికి వాయిదా వేసితిని.

ఆ పుటలలో మాటాడిన పెద్దలలో ఇద్దరు ఇప్పుడు లేరు. కావున ఇట్టి పని ఇతర ప్రాంతముల ఉపాధ్యాయులును ఇప్పుడే తలపెట్టవలసియున్నది. పాట వివరముకన్న ముందు ఊరు, సుమారు సంవత్సరము, తోడుండినవారి చుట్టరికము వ్రాయింపవలెను. పాట ఎచ్చటనైనను దొరకును. వారి పలుకుబడిని గ్రంథభాషగా దిద్దరాదు. పాటల పుస్తకములున్నవారు కాగితము పెళుసెక్కి పొడికాకముందే వాటికి ఛాయాచిత్రములు తీయించుట మేలు. మా అమ్మగారు దారముతో కుట్టియుంచిన కట్టలో మూడు పుస్తకముల అట్టలు ఇప్పటికే ఊడిపోయినవి.