ముఖనాడి దెబ్బతిన్నప్పుడు మందుల పాత్ర

మూతి వంకరపోతే మండవల్లిలోనైనా ఏలూరులోనైనా మొదట వినిపించే మాట పక్షవాతం. ఆ అనుమానం కొట్టిపారేయదగినది కాదు. నుదురు బాగా ముడతపడుతూ మూతి మాత్రమే వంకరపోయినా, మాట, చెయ్యి తడబడినా మెదడు పరీక్షే ముందు. నుదురుతో సహా ముఖంలో ఒక పక్కంతా కదలకపోతే దోషం చాలావరకు ఏడవ కపాలనాడి అయిన ముఖనాడిది. కారణం తెలియకుండా హఠాత్తుగా వచ్చే ఈ స్థితిని బెల్స్ పాల్సీ అంటారు.

ఈ నాడి చెవి దగ్గరి ఎముకలో ఇరుకైన కాలువ గుండా సాగుతుంది. వాచితే దానికి చోటు చాలదు. ఒత్తిడికి రక్తప్రసరణ తగ్గి తంతువులు దెబ్బతింటాయి. ప్రెడ్నిసొలోన్ ఆ వాపును తగ్గిస్తుంది. 2007లో వెలువడిన స్కాట్లండ్ పరిశోధనలో దీనిని 72 గంటల లోపు మొదలుపెట్టి, 25 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు పది రోజులు ఇచ్చారు. తొమ్మిది నెలలకు మందు వాడినవారిలో 94.4 శాతం, వాడనివారిలో 81.6 శాతం పూర్తిగా కోలుకున్నారు. గుడివాడకో ఏలూరుకో వెళ్లవలసిన కొల్లేటి రోగికి ఒక రోజు పసరు వైద్యానికి పోతే మిగిలేది రెండు రోజులే.

అదే పరిశోధనలో అసైక్లోవిర్ వల్ల అదనపు మేలు కనబడలేదు. చెవిలో పొక్కులతో వచ్చే రామ్‌సే హంట్ వ్యాధిలో మాత్రం వైరస్ మందును చేర్చడం వాడుక. మిథైల్‌కోబాలమిన్ విరివిగా రాస్తారు గాని, దానికి ఇంతటి ఆధారం లేదు.

గాయం వల్ల నాడి తెగితే సంగతి వేరు. ఏ మాత్రా దానిని అతకదు. శస్త్రచికిత్స చేసినా తంతువు పెరిగేది రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు.

స్టెరాయిడ్ రక్తంలో చక్కెరను పెంచుతుంది గనుక మధుమేహ రోగులు వైద్యుని పర్యవేక్షణలో, చక్కెర కొలిపించుకుంటూ వాడాలి. మూతపడని కన్ను ఆరిపోయి నల్లగుడ్డుపై పుండు పడకుండా పగలు చుక్కలు, రాత్రి లేపనం వేయాలి.