గడప దగ్గర కాపలా: గూఢచారి సాఫ్ట్‌వేర్ - ఉచిత రక్షణ

దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగాయన్న సామెత తెలుగువారికి కొత్త కాదు. కంప్యూటరు రక్షణకై ఉచితంగా లభించే కొన్ని సాఫ్ట్‌వేర్ల తీరు ఈ సామెతను జ్ఞప్తికి తెస్తుంది. బ్యాంకు లావాదేవీలు, ఆదాయపు పన్ను పత్రాలు, స్వదేశంలోని తల్లిదండ్రులతో సంభాషణ, అన్నీ ఒకే యంత్రంపై నడుపుకొనే కెనడా తెలుగు కుటుంబాలు, తమ యింటి కుక్క ఎప్పుడు మొరుగుతుందో తెలుసుకొని ఉండటం మంచిది.

స్పైవేర్ అనగా యజమానికి తెలియకుండా కంప్యూటరులో చేరి, అతడు మీటలపై కొట్టే అక్షరాలను, చూసే పుటలను, దాచుకొన్న పత్రాలను బయటివారికి చేరవేసే సాఫ్ట్‌వేర్. ఇది సాధారణంగా యంత్రాన్ని పాడుచేయదు. యజమానికి అనుమానం కలిగితే దాని పని సాగదు కదా! ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్న మాట దీనికి చక్కగా వర్తిస్తుంది.

దీనిని ఎదుర్కొనే పద్ధతులు రెండు. మొదటిది స్కాన్, అనగా గాలింపు. యజమాని ఆజ్ఞాపించినప్పుడు సాఫ్ట్‌వేర్ డిస్కునంతటినీ వెదకి, దొరికిన దొంగను పట్టి ఇస్తుంది. అయితే అప్పటికే రహస్యపదం పరుల చేతికి చేరి ఉండవచ్చు. పోయిన రహస్యాన్ని ఏ గాలింపూ వెనుకకు తేలేదు. రెండవది రియల్‌టైమ్ ప్రొటెక్షన్ అని పిలువబడే తక్షణ రక్షణ. ఇది గడప దగ్గర నిలిచే కాపలా.

ఈ కాపలా పనిచేసే విధానం ఇట్టిది. ఒక ఫైలును తెరవబోయినా, కొత్త ఫైలు డిస్కుపై చేరబోయినా, ఆపరేటింగ్ సిస్టమ్ ముందుగా రక్షణ సాఫ్ట్‌వేర్‌కు కబురు పంపుతుంది. అది ఫైలును తన వద్దనున్న నేరస్థుల పట్టికతో క్షణకాలంలో సరిపోల్చి, అనుమతించడమో ఆపడమో చేస్తుంది. పట్టికలో లేని కొత్తవారిని నడవడిని బట్టి అనుమానిస్తుంది. కంప్యూటరు ప్రారంభం కాగానే తానుగా నడవాలని రహస్యంగా నమోదు చేసుకొనే సాఫ్ట్‌వేర్‌పై ప్రత్యేకంగా కన్ను వేస్తుంది.

ఉచిత సాఫ్ట్‌వేర్లలో ఈ కాపలా ఉన్నదా అన్నదే అసలు ప్రశ్న. తరువాతి కాలంలో మాంట్రియల్ నగరానికి చేరిన లావాసాఫ్ట్ సంస్థ వారి యాడ్-అవేర్, తొలినాళ్ళలో గాలింపును ఉచితంగా ఇచ్చి, యాడ్-వాచ్ అనే కాపలాను డబ్బు చెల్లించినవారికే ఇచ్చింది. స్పైబాట్ మాత్రం టీటైమర్ అనే కాపలాదారును ఉచితంగానే సమకూర్చింది. మాల్‌వేర్‌బైట్స్ ఉచిత సంచికలో పరీక్షా కాలం ముగిసిన పిమ్మట గాలింపు మాత్రమే మిగులుతుంది. కాపలా వెళ్ళిపోయినా ఉన్నదనే భ్రమ మిగలడమే ఇక్కడి ప్రమాదం. 2012లో వచ్చిన విండోస్ 8 నాటి నుండి డిఫెండర్ అనే పూర్తి కాపలా విండోస్‌తోనే ఉచితంగా లభిస్తున్నది.

కాపలా ఉన్నంత మాత్రాన నిశ్చింత తగదు. ఇందుకు నిదర్శనం టొరంటోలోనే లభించింది. టొరంటో విశ్వవిద్యాలయపు సిటిజన్ ల్యాబ్ పరిశోధకులు తమ సహచరులతో కలిసి 2009 మార్చిలో ‘ఘోస్ట్‌నెట్’ అనే గూఢచారి వలను బయటపెట్టారు. 103 దేశాలలో 1,295 కంప్యూటర్లు దాని వాత పడ్డాయి. ధర్మశాలలోని దలైలామా కార్యాలయపు యంత్రాలు అందులో ఉన్నాయి. ఈమెయిలుకు జతపరచిన పత్రాన్ని తెరవడమే ఆ దొంగకు ద్వారం. అటువంటి ఒక పత్రాన్ని 34 యాంటీవైరస్ సాఫ్ట్‌వేర్లతో పరీక్షించగా 11 మాత్రమే గుర్తుపట్టాయి. పట్టికకు ఎక్కని దొంగ కాపలాదారుకు అతిథివలెనే కనిపిస్తాడన్నమాట.

ఇక చట్టం సంగతి. యజమాని స్పష్టమైన సమ్మతి లేనిదే అతని కంప్యూటరులో ఇతరులు సాఫ్ట్‌వేర్ చేర్చరాదన్న కెనడా చట్ట నిబంధన 2015 జనవరి 15న అమలులోకి వచ్చింది. కాని చదవకుండానే ‘అంగీకరిస్తున్నాను’ అన్న మీటను నొక్కేవారు ఆ రక్షణను చాలావరకు తామే వదులుకొంటున్నారు.

ఆచరణలో పెట్టవలసినవి మూడు. విండోస్ సెక్యూరిటీలో రియల్‌టైమ్ ప్రొటెక్షన్ అన్న మీట పనిచేసే స్థితిలో ఉన్నదో లేదో అప్పుడప్పుడు చూడాలి. ఒకే గడపకు ఇద్దరు కాపలాదారులను పెట్టరాదు. ఒకే ఫైలుకై ఇద్దరూ పెనుగులాడితే యంత్రం మందగిస్తుంది. గాలింపుకు మాత్రమే పనికివచ్చే రెండవ సాఫ్ట్‌వేర్ ఉండవచ్చు. నేరస్థుల పట్టికను, విండోస్‌ను ఎప్పటికప్పుడు నవీకరించుకోవాలి.

తెలియనివారు పంపిన పత్రాన్ని తెరిచే ముందు ఒక్క క్షణం ఆగి ఆలోచించడం వీటన్నిటికంటె ముఖ్యం. దానికి ఏ సాఫ్ట్‌వేరూ అవసరం లేదు. ఖర్చు అంతకన్నా లేదు.