ఎక్సెల్‌లో ఫార్ములా రాస్తుంటే బాణం కీ ఎందుకు తిక్కగా ప్రవర్తిస్తుంది? సమాధానం ఎఫ్2లో ఉంది

ఫార్ములాలో చిన్న తప్పు దిద్దుదామని ఎడమ బాణం కీ నొక్కుతారు. కర్సర్ వెనక్కి వెళ్లదు, మీరు అడగని సెల్ పేరు ఒకటి ఫార్ములాలో వచ్చి కూర్చుంటుంది. ఎక్సెల్ వాడే ప్రతి ఒక్కరికీ ఇది ఎప్పుడో ఒకప్పుడు జరిగే ఉంటుంది.

నాకైతే అరకు ట్రిప్ లెక్కల్లో జరిగింది. బి కాలమ్‌లో రూమ్ వాటా, సి కాలమ్‌లో ఇచ్చిన అడ్వాన్స్, హెచ్1లో మనిషికి జీప్ ఛార్జీ. డి2లో =బి2+ అని కొట్టి, ఏదో సరిచేద్దామని ఎడమ బాణం నొక్కాను. అది =బి2+సి2 అయిపోయింది. చూసుకోకుండా ఎంటర్ కొట్టి కిందికి లాగేశాను. ఎర్రర్ ఏమీ రాలేదు, అదే అసలు సమస్య. అందరికంటే ఎక్కువ అడ్వాన్స్ ఇచ్చినవాడే అందరికంటే ఎక్కువ బాకీ తేలాడు! వాడు ఫోన్ చేసి తిట్టేదాకా నాకు తెలియలేదు.

ఇంతకీ లోపల ఏం జరుగుతోందంటే, ఎక్సెల్ విండోలో ఎడమవైపు అడుగున ఒక చిన్న పదం కనిపిస్తుంది. ఖాళీగా ఉన్నప్పుడు రెడీ. కొత్తగా = కొట్టి టైప్ చేస్తుంటే ఎంటర్. ఆ టైమ్‌లో + లాంటి గుర్తు తర్వాత బాణం నొక్కితే అది పాయింట్ అవుతుంది, అంటే "ఏ సెల్ కావాలో చూపించు" అన్నమాట. డి2లో ఉండి ఎడమకి నొక్కితే పక్కనున్న సి2 అందుకే వచ్చింది. ఎడిట్ అని ఉంటేనే బాణాలు ఫార్ములా లోపల కర్సర్‌ని కదుపుతాయి.

మధ్యలో ఎప్పుడైనా ఎఫ్2 నొక్కండి, ఎడిట్‌కి మారుతుంది. మళ్లీ నొక్కితే సెల్ ఎంచుకునే పద్ధతికి వస్తుంది. ఎడిట్‌లో ఉన్నప్పుడు కంట్రోల్ పట్టుకొని బాణం నొక్కితే ముక్క ముక్కగా దూకుతుంది, షిఫ్ట్ కూడా కలిపితే ఆ ముక్క సెలెక్ట్ అవుతుంది. కండిషనల్ ఫార్మాటింగ్ బాక్స్‌లో ఫార్ములా దిద్దేటప్పుడు ఈ ఎఫ్2 లేకపోతే నరకమే.

కర్సర్ హెచ్1 మీద ఉండగా ఎఫ్4 నొక్కితే $హెచ్$1 అవుతుంది, కిందికి లాగినా జీప్ ఛార్జీ సెల్ జారిపోదు. నొక్కే కొద్దీ హెచ్$1, $హెచ్1, మళ్లీ మామూలు హెచ్1 వరుసగా వస్తాయి.

ఎఫ్9తో మాత్రం జాగ్రత్త. ఫార్ములాలో ఒక ముక్క సెలెక్ట్ చేసి నొక్కితే దాని విలువ అక్కడే కనిపిస్తుంది, తప్పు పట్టుకోవడానికి సూపర్. కానీ చూశాక ఎస్కేప్ కొట్టాలి. అలవాటులో ఎంటర్ కొట్టారో, ఆ ముక్క స్థానంలో ఉత్త అంకె మిగిలిపోతుంది. తర్వాత జీప్ ఛార్జీ మార్చినా ఆ అంకె మారదు.

ల్యాప్‌టాప్‌లో ఎఫ్2 నొక్కితే సౌండో బ్రైట్‌నెస్సో మారుతోందా? ఎఫ్‌ఎన్ కీ కలిపి నొక్కండి. చాలా లెనోవో, డెల్ మోడళ్లలో ఎఫ్‌ఎన్, ఎస్కేప్ కలిపి నొక్కితే ఆ లాక్ శాశ్వతంగా మారుతుంది. మ్యాక్ ఎక్సెల్‌లో అయితే సెల్ ఎడిట్‌కి కంట్రోల్+యు, డాలర్ గుర్తులకి కమాండ్+టి. గూగుల్ షీట్స్‌లో ఎఫ్4 ఇలాగే పనిచేస్తుంది, ఎఫ్9 మాత్రం ఫలితం ప్రివ్యూని ఆన్, ఆఫ్ చేస్తుందంతే.