మాట కూడా ఎగుమతేనా?

ఎగుమతి అనగానే మనకు గుర్తొచ్చేవి మిర్చి టిక్కీలు, పొగాకు బేళ్లు, విశాఖ రేవులో ఓడలు. కాని అమెరికాలో ఒక ప్రొఫెసరు తన ప్రయోగశాలలోనే కూర్చుని విదేశీ విద్యార్థికి ఒక సాంకేతిక పత్రం చూపించినా, అది ఒక్కొక్కప్పుడు చట్టం దృష్టిలో ఎగుమతే! ఓడ కదలలేదు, సరుకు కదలలేదు, కదిలింది జ్ఞానం. పై చదువులకు అక్కడికి వెళ్లే తెలుగు విద్యార్థులు ఎందరో ఉన్నారు గనుక ఈ సంగతి మనకూ అవసరమే.

అసలీ చట్టాలెందుకు? ఒకే యంత్రం మంచికీ చెడుకీ పనికిరావడమే చిక్కు. వాన రాకను లెక్కగట్టే సూపర్ కంప్యూటరే అణ్వాయుధాల లెక్కలూ కట్టగలదు. అందుకే 1980లలో మన దేశం అమెరికాను క్రే కంప్యూటర్ అడిగితే, అడిగినదానికన్న తక్కువ శక్తి గలదాన్ని, అదీ వాతావరణ పరిశోధనకేనన్న షరతు మీద ఇచ్చారు. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు కావలసిన యంత్రం రానేలేదు. 1988లో పుణెలో సీ-డాక్ సంస్థ ఏర్పడి, 1991లో పరమ్ 8000 తయారైంది. వాన కోసం ఆకాశం వంక చూసే సేద్యగాళ్ల ఇంట పుట్టినవాణ్ణి. మబ్బుల లెక్కకు కూడా పరాయి దేశం అనుమతి కావలసి వచ్చిందంటే నాకు మనసు చివుక్కుమంటుంది.

అయితే ఈ చట్టం అక్కడి వారినీ వదలదు. టెన్నెసీ విశ్వవిద్యాలయంలో జాన్ రీస్ రాత్ అనే ప్లాస్మా శాస్త్ర ఆచార్యుడు, పైలట్ లేని విమానాల రెక్కల మీద గాలిని ప్లాస్మాతో అదుపు చేసే పనిలో ఉండేవాడు. అది వాయుసేన డబ్బుతో సాగిన పని. అందులోని సమాచారాన్ని చైనా, ఇరాన్ దేశాల విద్యార్థులకు అందనిచ్చాడని 2008లో నేరం రుజువైంది. 2009లో నాలుగేళ్ల జైలుశిక్ష పడింది.

మరి విదేశీ విద్యార్థులంతా భయపడాలా? అక్కర్లేదు. అందరూ చదివేలా ప్రచురించదగిన మౌలిక పరిశోధనకు ఆంక్షలు ఉండరాదని 1985లో అమెరికా అధ్యక్షుడు రీగన్ ఆదేశమిచ్చాడు. చట్టంలోనూ ఆ మినహాయింపు ఉంది. కాని డబ్బిచ్చే సంస్థ "మా అనుమతి లేనిదే ప్రచురించరాదు", "విదేశీయులను చేర్చుకోరాదు" అన్న షరతు పెట్టి, ప్రొఫెసరు దానికి ఒప్పుకుంటే, ఆ మినహాయింపు పోయినట్టే.

మన దేశానికీ 'స్కోమెట్' అనే నియంత్రిత వస్తువుల జాబితా ఉంది; 2005లో సామూహిక విధ్వంస ఆయుధాలపై చట్టమూ వచ్చింది. వీటి కిందికి రసాయనాలు, పరికరాలే కాక సాఫ్ట్‌వేర్, సాంకేతిక పరిజ్ఞానం కూడా వస్తాయి. కనుక రేపు మనం ఏ ప్రయోగశాలలో కాలు పెట్టినా, "దీని ఫలితాలు ప్రచురించుకోవచ్చా?" అని ముందే అడగడం మంచిది.

చేనుకు కంచె కావలసిందే. కాకపోతే కంచే చేను మేయకుండా చూసుకోవాలి.