విదేశాలలోని అమెరికా పౌరులు: జీవిత భాగస్వామి వీసా, పన్ను రిటర్నులు

విదేశంలో నివసించే అమెరికా సంయుక్త రాష్ట్రాల పౌరుడు లేదా పౌరురాలు విదేశీయుడైన భర్తకు గాని, విదేశీయురాలైన భార్యకు గాని వలస వీసా కోరినప్పుడు ఐ-864 అనే పోషణ హామీపత్రాన్ని సమర్పించవలసి ఉంటుంది. ఇలా హామీ ఇచ్చే వ్యక్తిని స్పాన్సరు అంటారు. హామీపత్రంతో పాటు ఇటీవలి సంవత్సరపు సమాఖ్య ఆదాయపు పన్ను రిటర్నును జతచేయాలి. విదేశంలో ఉన్నందువల్ల రిటర్ను అవసరం లేదని భావించి, ఏళ్ళ తరబడి దాఖలు చేయనివారికి ఈ దశలోనే చిక్కు ఎదురవుతుంది. పన్ను బాకీ లేకపోవడం వేరు, రిటర్ను దాఖలు చేయనక్కరలేకపోవడం వేరు.

నేపథ్యం

చాలా దేశాలు నివాసాన్ని బట్టి ఆదాయపు పన్ను విధిస్తాయి. అమెరికా మాత్రం తన పౌరులు ఎక్కడ నివసించినా వారి ప్రపంచవ్యాప్త ఆదాయాన్ని లెక్కలోకి తీసుకుంటుంది. మెక్సికోలో నివసిస్తున్న ఒక పౌరునికి సంబంధించిన కుక్ వర్సెస్ టెయిట్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు 1924లో ఈ పద్ధతిని సమర్థించింది. పోషణ హామీపత్రానికి చట్టబద్ధమైన ఒప్పందపు స్వరూపం 1996 నాటి వలస చట్టంతో ఏర్పడింది.

అమెరికాలో జన్మించి, తల్లిదండ్రులతో తిరిగి వచ్చి హైదరాబాదు, విజయవాడ వంటి నగరాలలో స్థిరపడిన తెలుగువారికి, అమెరికా పౌరసత్వం పొంది స్వదేశానికి వచ్చిన వారికి కూడా ఈ నియమాలే వర్తిస్తాయి.

రిటర్ను ఎవరు దాఖలు చేయాలి

వార్షిక రిటర్నును ఫారం 1040 మీద దాఖలు చేస్తారు. ఆదాయం ఒక పరిమితిని దాటితే దాఖలు తప్పనిసరి. వివాహితులు విడిగా దాఖలు చేసేటప్పుడు ఆ పరిమితి కేవలం 5 డాలర్లు. అంటే, పెళ్ళికి ముందు ఆదాయం తక్కువగా ఉండి రిటర్ను అవసరం లేని వ్యక్తికి పెళ్ళి తరువాత అదే ఆదాయంపై అవసరం కావచ్చు. స్వయం ఉపాధి వలన నికరంగా 400 డాలర్లు సంపాదించినా దాఖలు చేయాలి.

సాధారణ గడువు ఏప్రిల్ 15. ఆ తేదీన విదేశంలో నివసిస్తూ అక్కడే పనిచేసేవారికి జూన్ 15 వరకు గడువు దానంతటదే లభిస్తుంది. కోరితే అక్టోబరు 15 వరకు పొడిగిస్తారు. అయితే పన్ను బాకీ ఉంటే దానిపై వడ్డీ ఏప్రిల్ నుండే లెక్కకు వస్తుంది. అమెరికాలో వ్యక్తుల పన్ను సంవత్సరం సాధారణంగా జనవరి నుండి డిసెంబరు వరకు కాగా, భారతదేశంలో ఏప్రిల్ నుండి మార్చి వరకు. కనుక భారతీయ ఫారం 16లోని అంకెలను ఉన్నవి ఉన్నట్లుగా ఎత్తి రాయడం కుదరదు.

మినహాయింపులు

ఒకే ఆదాయంపై రెండు దేశాలలో పన్ను పడకుండా ముఖ్యంగా రెండు మార్గాలున్నాయి. మొదటిది విదేశీ సంపాదన మినహాయింపు. దీనిని ఫారం 2555 ద్వారా కోరతారు. 2025 సంవత్సరపు పరిమితి 1,30,000 డాలర్లు. రెండవది విదేశంలో చెల్లించిన పన్నుకు తగ్గింపు, అంటే ఫారం 1116. ఇవి రిటర్నులో కోరవలసినవే గాని, రిటర్ను నుండి విముక్తి కలిగించేవి కావు.

మొదటి మినహాయింపు తీసుకున్నవారి రిటర్నులో మొత్తం ఆదాయం సున్నాగా కనిపించవచ్చు. హామీపత్రాన్ని పరిశీలించే అధికారికి అసలు సంపాదన తెలిసేలా ఫారం 2555తో కూడిన పూర్తి రిటర్నును జతచేయడం మంచిది.

విదేశీ భాగస్వామి వివరాలు

అమెరికా నివాసి కాని భాగస్వామి ఉన్నవారు సాధారణంగా విడిగా దాఖలు చేస్తారు. భాగస్వామిని పన్ను కొరకు నివాసిగా పరిగణించమని ఇద్దరూ సంతకం చేసి కోరితే ఉమ్మడి రిటర్ను దాఖలు చేయవచ్చు. అప్పుడు భాగస్వామి ప్రపంచవ్యాప్త ఆదాయం కూడా అమెరికా పన్ను లెక్కలోకి వస్తుంది.

విదేశీ బ్యాంకు ఖాతాలలోని మొత్తం ఏడాదిలో ఏ సమయంలోనైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బీఏఆర్ అనే నివేదికను వేరుగా సమర్పించాలి. భాగస్వామితో ఉన్న ఉమ్మడి ఖాతాలోని పూర్తి నిల్వ ఇందులో చేరుతుంది.

ఆదాయ పరిమితి, నివాసం

స్పాన్సరు ఆదాయం సమాఖ్య దారిద్ర్య మార్గదర్శకాలలో కనీసం 125 శాతం ఉండాలి. ఇద్దరు సభ్యుల కుటుంబానికి 2025 మార్గదర్శకాల ప్రకారం, అలాస్కా, హవాయి మినహా మిగిలిన రాష్ట్రాలలో ఇది 26,437 డాలర్లు.

ఉదాహరణకు, హైదరాబాదులో ఏడాదికి సుమారు 35,000 డాలర్లకు సమానమైన జీతం పొందే పౌరురాలు ఈ పరిమితిని దాటినట్లే కనిపిస్తుంది. కాని అమెరికా వెళ్ళగానే ఆ ఉద్యోగం ముగిసేటట్లయితే ఆ జీతం లెక్కకు రాదు. అప్పుడు ఆమె లోటుకు మూడు రెట్ల ఆస్తులను చూపాలి. వేరే ఆదాయమేమీ లేకుంటే అది 79,311 డాలర్లు. లేదా అమెరికాలో నివసించే మరొకరు ఉమ్మడి స్పాన్సరుగా హామీ ఇవ్వాలి.

స్పాన్సరుకు అమెరికాలో స్థిరనివాసం కూడా ఉండాలి. విదేశంలో ఉన్నవారు అక్కడి నివాసాన్ని వదులుకోలేదనిగాని, భాగస్వామి ప్రవేశించే నాటికి తిరిగి ఏర్పరచుకుంటామనిగాని ఆధారాలు చూపాలి. ఉమ్మడి స్పాన్సరు ఉన్నంత మాత్రాన ఈ లోపం పూరింపబడదు.

పాత రిటర్నులు దాఖలు కానప్పుడు

గడచిన మూడు సంవత్సరాలలో దాఖలు చేయవలసి ఉండి చేయని రిటర్నులు ఉంటే, హామీపత్రం సమర్పించేలోపే వాటిని దాఖలు చేయాలి. చట్టప్రకారం దాఖలు అవసరం లేనివారు దానికి కారణాన్ని రాసి జతపరచాలి. విదేశంలో ఉండడం ఒక్కటే సరైన కారణం కాదు.

ఉద్దేశపూర్వకంగా కాక, తెలియక మానివేసినవారి కోసం పన్నుల సంస్థ ఐఆర్‌ఎస్ ఒక సరళీకృత విధానాన్ని అమలు చేస్తున్నది. విదేశాలలో నివసించే అర్హులు మూడేళ్ళ రిటర్నులు, ఆరేళ్ళ ఖాతా నివేదికలు సమర్పించి, బాకీ ఉంటే వడ్డీతో చెల్లిస్తే జరిమానాలు ఉండవు. పాత రిటర్నుల పరిశీలనకు సమయం పడుతుంది కనుక వీసా పని మొదలుపెట్టినప్పుడే వీటిని సరిచేసుకోవడం మేలు. లేకుంటే ఆ జాప్యం దంపతుల ఎడబాటుగా మారవచ్చు.

హామీ కాలపరిమితి

వీసాతో హామీ ముగియదు. భాగస్వామి అమెరికా పౌరసత్వం పొందేవరకు, లేదా 40 త్రైమాసికాల పని లెక్కకు వచ్చేవరకు అది అమలులో ఉంటుంది. శాశ్వత నివాస హోదాను వదులుకొని భాగస్వామి దేశం విడిచినా, ఇద్దరిలో ఎవరు మరణించినా హామీ ముగుస్తుంది. విడాకుల వలన మాత్రం రద్దు కాదు.